నాయిన బొమ్మ ఉన్న సెల్లులు

నాయిన సంవత్సరీకానికి వచ్చినవాళ్ళకు ఏం పంచాలన్న మాట వచ్చినప్పుడు, టార్చిలైట్లు పంచుదామన్నది నేనే. స్టీలు డబ్బాలూ గిన్నెలూ ఇప్పటికే అందరి అటకల మీదా పేరుకుపోయి ఉన్నాయి. వాటి అడుగున చెక్కించిన పేర్లను తోమే మనిషి తప్ప ఎవరూ చూడరు. నాయిన అనగానే మా ఊరు దేవరయాంజాల్‌లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆయన చేతిలోని టార్చి. మాకు ద్రాక్షతోట ఉన్న కాలంలో బోరుకు కరెంటు వేళగాని వేళ వచ్చేది. మోటరు వేయడానికి ఆయన పొలం గట్ల మీద నడిచిపోతుంటే, ఆ వెలుగును బట్టే ఊరివాళ్ళు ఎవరో చెప్పేవారు.

నా మాట వినగానే అన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మస్తుగుంటది చెల్లే. నాయిన యాదిల ఇంటింటికీ ఒక ఎలుగు ఇచ్చినట్టుంటది" అన్నాడు.

నేను అక్కడితో ఆగలేదు. "మామూలు సెల్లులయితే అయిపోంగనే పారేస్తరన్నా. చార్జింగ్ పెట్టుకునేటివి ఇద్దాం. ఏండ్లకేండ్లు వస్తయి" అన్నాను. ఇంట్లో మా ఆయన కెమెరా ఫ్లాష్‌లైటు కోసం అలాంటి సెల్లులే వాడతాడు. ఎంత కాలమైనా అవి చెక్కుచెదరకుండా ఉండడం చూసిన ధీమాతో నేనన్న మాట అది.

ద్రాక్షతోట ప్లాట్లయ్యాక అన్న భూముల వ్యాపారంలోకి దిగాడు. శామీర్‌పేట నుంచి తూంకుంట దాకా అతనికి తెలియనివాళ్ళు తక్కువ. ఏ పని చేసినా పదిమందీ చెప్పుకునేలా చేయాలన్నది అతని పట్టుదల. టార్చిల పని తనతో కలిసి ప్లాట్లు వేసే స్నేహితుడికి అప్పజెప్పాడు. ఆ స్నేహితుడికి నగరంలో ఎవరో హోల్‌సేల్ వ్యాపారి తెలుసట.

సంవత్సరీకం రోజు ఆ పెట్టెలు తెరిచి చూస్తే నాకే ముచ్చటేసింది. ఒక టార్చి, గోడకు గుచ్చుకునే చిన్న చార్జరు, రెండు సెల్లులు. సెల్లు చుట్టూ బంగారు రంగు కాగితం, దాని మీద తెల్ల రుమాలు చుట్టుకున్న నాయిన బొమ్మ. అన్న పెళ్ళిలో తీసిన ఫోటో అది. ఫోటోగ్రాఫరు లైటు కళ్ళలో పడి నాయిన కొంచెం చిట్లించుకుని చూస్తుంటాడు. బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో 2500 అని ఉంది. సెల్లు ఎంత కరెంటును దాచుకుని ఎంతసేపు ఇవ్వగలదో చెప్పే అంకె అది. ఎక్కువ ఉన్నకొద్దీ మంచిది. మా ఆయన సెల్లుల మీద కూడా రెండు వేలే ఉంటుంది. "మనవే పెద్దవి" అని నేను మా ఆయనతో గొప్పగా చెప్పాను కూడా.

ఊరివాళ్ళకూ చుట్టాలకూ ఇచ్చాం. తూంకుంటలో నేనుండే కాలనీ వాళ్ళు పది పదిహేను కుటుంబాలు వస్తే వాళ్ళకూ ఇచ్చాం. పెట్టెలు పట్టుకుని వెళ్తూ అందరూ అన్న చేతులు పట్టుకున్నారు. కొడుకంటే ఇట్లా ఉండాలన్నారు. ఐడియా చెల్లెదని అన్న నన్ను చూపించాడు. నేను తల వంచుకుని నవ్వాను.

ఆ తర్వాత కొన్ని వారాలకు మా ఎదురింటి ఆంటీ వచ్చింది. వాళ్ళది భీమవరం. మా కాలనీలో సగం మంది అటువైపు నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళే. ఆమె చేతిలో మడిచిన జేబురుమాలు ఉంది. కుర్చీలో కూర్చుంది గానీ ఆ రుమాలు విప్పడానికి చాలాసేపు పట్టింది. మా మందార మొక్క గురించి అడిగింది. నీళ్ళ టాంకరు గురించి అడిగింది. చివరికి విప్పి టీపాయ్ మీద పెట్టింది. రెండు సెల్లులు. రెండు వైపుల నుంచీ నాయిన నన్ను చిట్లించుకుని చూస్తున్నాడు.

"ఏమీ అనుకోకమ్మా. టార్చిలో వేస్తే ఇలా వెలిగి అలా ఆరిపోతోంది. మేమే సరిగ్గా చార్జింగ్ పెట్టలేదేమో అనుకుని మా ఆయన మళ్ళీ మళ్ళీ పెట్టారు. గడియారంలో వేస్తే అదీ ఆగిపోయింది. మామూలువైతే పారేసేవాళ్ళమే. మీ నాన్నగారి ఫోటో ఉంది కదా, చెత్తబుట్టలో వేయడానికి చేతులు రాలేదమ్మా. అందుకని నీకే ఇచ్చేస్తే..."

ఆమె నన్ను తప్పు పట్టడానికి రాలేదు. నా తండ్రి మొహాన్ని కూరగాయల తొక్కలతో పాటు పారేయలేక, ఇంట్లో ఉంచుకోలేక తెచ్చింది. అది అర్థమయ్యేసరికి నా చెవులు వేడెక్కాయి. "మంచిపని చేశారు ఆంటీ, నేను చూస్తాను" అన్నాను. కాఫీ ఇస్తానంటే వద్దని, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయింది.

నేను మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తాను. మాత్రల అట్ట మీద ఎంత మందు ఉందని రాశారో, మాత్రలో అంత మందు నిజంగా ఉందా అని పరీక్షించే విభాగం మాది. రాసిన అంకెను నమ్మకుండా ఉండడమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని, నాయిన బొమ్మ కింద ఉన్న అంకెను చూసి ఒక్క క్షణం కూడా అనుమానించలేదు.

మా ఆయన చార్జరులో నాలుగు గదులుంటాయి. ఒక్కో గదికీ ఎదురుగా చిన్న తెర. పరీక్ష మీట నొక్కితే అది సెల్లును ముందు పూర్తిగా నింపుతుంది, తర్వాత మొత్తం ఖాళీ చేస్తూ ఎంత వచ్చిందో తెర మీదే లెక్కపెడుతుంది, ఆపైన మళ్ళీ నింపి చివరి అంకెను చూపిస్తుంది. మంచి సెల్లుకు ఇదంతా అయ్యేసరికి పగలంతా గడిచిపోతుంది. ఆదివారం పొద్దున ఆంటీ ఇచ్చిన రెండు సెల్లులూ రెండు గదుల్లో పెట్టాను. పోల్చి చూసుకోవడానికి మిగతా రెండిటిలో మా ఆయన పాత సెల్లులు పెట్టాను.

నాయిన బొమ్మలు పైకి తిరిగి ఉన్నాయి. వంట చేస్తూ అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఆ చూపు నా మీద పడుతున్నట్టుండేది. ఒకసారి వెళ్ళి సెల్లులను గుండ్రంగా తిప్పి, బొమ్మ కిందికి పోయేలా పెట్టాను. తండ్రి మొహాన్ని అలా కిందికి తిప్పడం నచ్చక మళ్ళీ వెళ్ళి పైకి తిప్పాను.

భోజనాలకు కూర్చునేలోపే ఆ రెండు గదుల తెరలూ ఆగిపోయాయి. అంత త్వరగా అయిపోవడంతోనే నాకు విషయం తెలిసిపోయింది. అయినా వంగి చూశాను. ఒకదాని మీద 412. ఇంకోదాని మీద 388. పక్క గదుల్లో ఎన్నో ఏళ్ళు వాడిన సెల్లులు ఇంకా ఖాళీ అవుతూనే ఉన్నాయి. సాయంత్రానికి అవి పదిహేడు వందలు దాటాక ఆగాయి.

"మల్లొక్కసారి పెట్టి సూడు. కొత్త సెల్లులు ఒకటి రెండు మార్లు నింపి ఖాళీ చేస్తేగాని లైనుకు రావు" అన్నాడు మా ఆయన. నా మొహం చూసి అన్నాడు తప్ప అతనికీ నమ్మకం లేదు.

మళ్ళీ పెట్టాను. మా ఇంట్లో మేము విప్పకుండా దాచుకున్న పెట్టెలోని రెండు సెల్లులు కూడా తీసి పెట్టాను. అన్నీ నాలుగు వందలకు అటూ ఇటూనే తేలాయి. పైగా చవక సరుకేమో, చార్జింగులో బాగా వేడెక్కాయి. బంగారు కాగితం అంచులు ముడుచుకుపోయి నాయిన గడ్డం ఒక పక్కకు వంకరపోయింది. చార్జరు తీగ పీకేసి ఆ సెల్లులు అరచేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. చేతిలో పట్టుకుంటే బరువు లేదన్న సంగతి అప్పుడు తెలిసింది. మా ఆయన సెల్లులో సగం కూడా తూగవు. పెట్టె తెరిచిన రోజే తెలియవలసిన సంగతి.

అన్నకు ఫోన్ చేయాలనుకున్నాను, చేయలేదు. అంతమంది మధ్య ఐడియా నాదని చెప్పిన మనిషికి ఏమని చెప్పను? ఎదురింట్లో ఒక్కళ్ళకే తెలుసు, మిగతావాళ్ళు టార్చిని ఏ మూలనో పడేసి మర్చిపోయి ఉంటారులే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో చుట్టాల పెళ్ళి. భోజనాలయ్యాక ఆడవాళ్ళం కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాం. మధ్యలో మా మేనత్త, నాయినకు చెల్లెలు. ఆమె ఉన్నచోట నవ్వులు ఉండాల్సిందే. సొంత మోకాళ్ళ నొప్పుల మీద కూడా హాస్యాలాడుతుంది. ఎవరో కొత్తగా కట్టిన ఇంట్లో కరెంటు పోవడం గురించి చెబుతుంటే, ఇంకెవరో "మీకు టార్చి ఇచ్చిండ్రు గదా" అన్నారు. ఆ మాటతో గుంపులో ఒకలాంటి కదలిక వచ్చింది. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అందరికీ తెలుసు. నేను అక్కడ ఉన్నానని మాత్రం కొందరు గమనించలేదు.

మేనత్త ఆకు నములుతూ అన్నది:

"ఏం జెప్పాలె తల్లీ! మా అన్న బతికున్నన్ని దినాలు తెల్లందాక టార్చి పట్టుకుని తిరిగెటోడు. సచ్చినంక గడియసేపు గూడ నిలుస్తలేడు."

ఒక్కసారిగా అందరూ నవ్వారు. పక్కన కూర్చున్నామె నవ్వాపుకోలేక నా భుజం మీద వాలింది. నేనూ నవ్వాను.

ఏదో మర్యాదకు పెదవులు కదిలించడం కాదు. నిజంగానే నవ్వు వచ్చింది, బయటికి వినబడేలా నవ్వాను. హాలుకు అవతలి వైపు అన్న ఎవరెవరికో చేతులు జోడిస్తూ, భుజాల మీద చేతులు వేస్తూ తిరుగుతున్నాడు. ఎవరో అతనితో చాలా గౌరవంగా మాట్లాడుతున్నారు. వాళ్ళ ఇంట్లోనూ ఆ సెల్లులు ఉండి ఉంటాయి. నా నవ్వు సగంలో ఉండగా అతను నా వైపు చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. అప్పుడు మేనత్త నా వైపు చూసింది. ఆమె కళ్ళలో నవ్వు ఆగిపోయింది. మళ్ళీ ఆకు చుట్టుకోవడంలో పడిపోయింది.

ఇంటికి వస్తూ కారులో మా ఆయనకు చెప్పాను. "నవ్వినవా?" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మరుసటి ఆదివారం దేవరయాంజాల్ వెళ్ళాను. అన్న వరండాలో ఒంటరిగా ఫోన్ చూసుకుంటున్నాడు. అమ్మ లోపల పడుకుని ఉంది. నేను సెల్లుల సంగతి గొంతు తగ్గించి చెప్పాను. పెళ్ళిలో మాట చెప్పలేదు. కాలనీలో ఆంటీ వచ్చిన సంగతీ, పరీక్షలో తేలిన అంకెనూ చెప్పాను.

"టెస్టు జేసినవా?" అన్నాడు అన్న. ఫోన్ పక్కన పెట్టాడు. "నాయిన సెల్లులు టెస్టు జేసినవా నువ్వు?"

"చేసిన అన్నా."

"నీకు కంపెనీల మాత్రలు టెస్టు జేసుడు సాల్తలేదా? ఇంటికొచ్చి నాయినను గూడ జేస్తున్నవా?"

అతను లేచి వరండా అంచు దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు.

"రెండువేల ఐదొందలని రాసున్నది గద దాని మీద. నా కండ్లతోని సూసిన."

"రాసుడు ఎవరన్న రాస్తరన్నా."

"మరి ఎంతున్నది?"

"నాలుగొందలు. ఒక్కోటి అది గూడ లేదు."

అన్న కుర్చీలో కూలబడ్డాడు. స్నేహితుడిని తిడతాడనుకున్నాను. ఆ హోల్‌సేల్ మనిషి సంగతి చూస్తానంటాడని, ఎవరికో ఫోన్ చేస్తాడని అనుకున్నాను. అతను మాత్రం నెమ్మదిగా అన్నాడు:

"వాడు శాంపిల్ తెచ్చి సూపెట్టినప్పుడు నేను ఫోటోనే సూసిన. ఫోటో బాగొచ్చిందా, రుమాలు తెల్లగ కనబడ్తున్నదా, గదే అడిగిన. లోపల ఏమున్నదో అడగాలన్న సోయే లేకపాయె నాకు." అరచేతులతో మొహం రుద్దుకుని, "ఇజ్జత్ తీసిన నాయినది" అన్నాడు.

"నేను గూడ అడగలేదన్నా. ఐడియా నాదే గద."

"అమ్మకు తెల్వనియ్యకు."

అప్పటికే అమ్మ గడపలో నిలబడి ఉంది.

"మెల్లగ మాట్లాడుకుంటె నాకు ఇనబడదనుకున్నరా?" అన్నది. లోపలికి వెళ్ళి దిండు కింద నుంచి తన టార్చి తెచ్చి మా ముందు మూత విప్పింది. లోపల అంగట్లో దొరికే మామూలు సెల్లులున్నాయి. "నాది ఏనాడో ఆగింది. కిరాణ కొట్ల సెల్లులు తెప్పించి ఏసుకున్న. మీ నాయినవి దేవుని అల్మారల పెట్టిన."

"మరి జెప్పలేదేందే అమ్మా?" అన్నాడు అన్న.

"ఏమని జెప్పాలె కొడుకా? పదిమంది నిన్ను మెచ్చుకోవట్టె. నడుమల నేనొచ్చి ఇది ఎలుగుతలేదని అనాల్నా?" అమ్మ మంచం మీద కూర్చుంది. "అయినా ఆయనకు ఫోటో దిగుమంటేనే శరం. పెండ్లిల గూడ గుంజుకొచ్చి నిలబెడితే నిలబడ్డడు. గా మనిషి మొకం సెల్లు మీద ఎయ్యమని ఎవలు జెప్పిండ్రు మీకు?"

ఇద్దరం తల దించుకున్నాం. నేను నా గోళ్ళు చూసుకున్నాను. అన్న నేల మీద చీమలు చూశాడు. మా ఇద్దరికీ పిల్లలున్నారు, మాకింద పనిచేసే మనుషులున్నారు. అయినా ఆ కాసేపు బడిలో దొరికిపోయిన పిల్లల్లా అయిపోయాం.

"ఇచ్చింది పనికిరాకపోతె మల్ల మంచిది ఇయ్యాలె. గంతే" అన్నది అమ్మ.

"ఇల్లిల్లు తిరిగితె తెల్వనోళ్ళకు గూడ తెలుస్తదే."

"తెల్వనోడు ఎవడున్నడు?"

ఆ మాటకు అన్న నా వైపు చూశాడు. నిజమేనా అన్నట్టు చూశాడు. నాకు పెళ్ళిలో గుండ్రంగా కూర్చున్న మొహాలన్నీ కనిపించాయి. నేను అవునన్నట్టు తల ఊపాను.

వారం తిరక్కుండా అన్న మా ఇంటికి వచ్చాడు. సుచిత్ర సెంటరులో రెండు మూడు దుకాణాలు తిరిగి ఒక్కో రకం నాలుగేసి సెల్లులు తెచ్చాడు. ఏ బొమ్మా లేదు, తెల్లటి మామూలు సెల్లులు. "మీ డబ్బాల పెట్టు. తేలినంకనే కొందాం" అన్నాడు.

ఒక్కచోట పది నిమిషాలు కూర్చోలేని మనిషి. ఆ రోజంతా మా డైనింగ్ టేబులు దగ్గర చార్జరు ముందు కూర్చున్నాడు. ఫోన్లు వస్తే పక్కకు వెళ్ళి మాట్లాడి మళ్ళీ వచ్చి తెరలు చూసేవాడు. వెయ్యి దాటినప్పుడు నన్ను వంటింట్లోంచి పిలిచాడు. "ఎక్కుతాంది చెల్లే, ఇంక ఎక్కుతాంది!" చీకటి పడే వేళకు ఒక రకం పంతొమ్మిది వందల దగ్గర ఆగింది. కాగితం మీద రెండు వేలని ఉంది. "రాసినదానికి దగ్గర్నే ఉన్నది" అని ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ తర్వాత చార్జరును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాయినను గిండ్లనే పెట్టినవా?"

"ఆఁ."

"మస్తు వేడెక్కినయా?"

"కొంచెం."

గడ్డం వంకరపోయిన సంగతి చెప్పలేదు. ఆ సెల్లులను అప్పటికే బీరువాలో గుడ్డలో చుట్టి పెట్టాను. అన్న ఖాళీ గది మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. ఇంకేమీ అడగకుండా దాన్ని టేబులు మీద పెట్టేశాడు.

కొత్త సెల్లులు వచ్చాక, అవి ఇచ్చి నాయిన బొమ్మవి వెనక్కి తీసుకోవడానికి ఇద్దరం కారులో బయలుదేరాం. ఒక్కడే పోతానన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. ముందు మా కాలనీ. ఎదురింటి ఆంటీ ఏమీ ఎరగనట్టు, "అయ్యో, ఎందుకు బాబూ ఇంత శ్రమ!" అంటూ అన్నకు మంచినీళ్ళు ఇచ్చింది. మా సందు చివరింట్లో మాత్రం కొత్త కోడలు తలుపు తీసి, పాతవి కావాలనగానే తెల్లబోయింది. లోపలికి వెళ్ళి వెతికినట్టు చప్పుడు చేసింది. వచ్చి, "ఊళ్ళో మా అత్తగారి దగ్గర ఉన్నాయండీ" అంది. పారేశారని ముగ్గురికీ తెలుసు. "పర్వాలేదమ్మా, ఇవి ఉంచుండ్రి" అంటూ అన్న కొత్తవి ఆమె చేతిలో పెట్టాడు. మొహం మాత్రం పక్కకు తిప్పుకున్నాడు. మేము గేటు దాటేదాకా ఆ అమ్మాయి తలుపు వేయలేదు. మేమిచ్చిన పనికిరాని వస్తువు మూలంగా ఆమె అబద్ధం ఆడవలసి వచ్చింది. ఆ రోజు నన్ను అన్నిటికన్నా పొడిచింది అదే అనుకున్నాను, అప్పటికి.

శామీర్‌పేటలో ఒక ముసలాయన, పాత సెల్లులు అడిగేసరికి, "ఇచ్చినోళ్ళే మల్లొచ్చి అడుగుడు ఇదే సూసుడు" అన్నాడు. సంగతి విని పగలబడి నవ్వాడు. "నా టీవీ రిమోటుల మంచిగనే నడుస్తున్నయి. తియ్యకుండ్రి" అన్నాడు. కాగితం మందంగా ఉండి రిమోటులో పట్టకపోతే గోకి తీసేశాడట. నాయిన బొమ్మ ఎక్కడికి పోయిందో మేము అడగలేదు. దేవరయాంజాల్‌లో నాలుగైదు ఇళ్ళలో సెల్లులు దేవుడి పటాల పక్కనే ఉన్నాయి. అక్కడ అడగడమే కష్టమైంది. ఒకామె బొట్టు కూడా పెట్టింది వాటికి.

ప్రతి ఇంట్లోనూ అన్న ఒకటే మాట చెప్పాడు. "తప్పయిపోయింది. సరిగ్గ సూసుకోలే." ఎవరి మీదికీ నెట్టలేదు. స్నేహితుడి పేరు గానీ హోల్‌సేలు సంగతి గానీ నోట రానివ్వలేదు. మొదటి ఇళ్ళలో ఆ మాట తన చెప్పుల వైపు చూస్తూ అనేవాడు. పోనుపోను మామూలుగా చెప్పగలిగాడు. పక్కన నిలబడి వింటున్న నాకు, పెళ్ళిలో నేను నవ్వుతుంటే చెయ్యి ఊపిన మనిషి ఇతనే కదా అనిపించేది.

మేనత్త ఇంటికి ఆ రోజుకు చివర్లో వెళ్ళాం. నేనే చివరికి నెట్టాను. మేడ్చల్ దగ్గర వాళ్ళిల్లు. ఆమె వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. అన్న కింద చాప మీద కూర్చుని చెప్పాల్సిన మాట చెప్పాడు. ఆమె చేతులు ఆగిపోయాయి. అన్న మొహం చూసి చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు ఇంటింటికి తిరిగి గిట్ల జెప్పుకుంటున్నవా కొడుకా? నేనే నోరు జారిన. గా పెండ్లిల గంతమందిల మా అన్నను పట్టుకుని గా మాట అననీకి నాకు నోరెట్ల వచ్చిందో."

"ఏం మాటత్తా?" అన్నాడు అన్న.

మేనత్త నా వైపు చూసింది. నేను చెప్పే ఉంటాననుకుంది. చెప్పలేదని అప్పుడు అర్థమైంది, కానీ మాట వెనక్కి తీసుకునే వీల్లేదు. మొత్తం చెప్పేసింది. గడియసేపు కూడా నిలవడం లేదన్నానని చెప్పింది. అందరూ నవ్వారని చెప్పింది. చెప్పాక నా మోకాలి మీద చెయ్యి వేసి, నన్ను ఓదార్చడానికే కాబోలు అన్నది:

"తప్పు నాదే. గిదేం జేస్తది పాపం. అందరు నవ్వుతుంటె ఇది గూడ నవ్వింది. దీన్నేమనకు."

అన్న నా వైపు తిరగలేదు. చాప అంచున ఊడిన పోగును వేలికి చుట్టుకుంటూ, "ఊకో అత్తా. ఉన్నమాటే అన్నవ్" అన్నాడు. కొత్త సెల్లులు ఆమె టార్చిలో తనే వేసి, వెలిగించి చూపించాడు. ఎండలో ఆ వెలుగు సరిగ్గా కనిపించలేదు. ఆమె టీ పెడతానంటే కాదనకుండా తాగాడు. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. నా మోకాలి మీద ఆమె చేతి చింతపండు జిగురు అలాగే ఉంది.

తిరుగు దారిలో ఏదైనా అంటాడని ఎదురు చూశాను. తిడితే బాగుండుననుకున్నాను. "అన్నా" అని ఒకసారి పిలిచాను. "ఊఁ" అన్నాడు. నవ్వు వచ్చింది, నవ్వాను. దానికి వేరే కారణం ఏదీ లేదు. ఏదో కారణం ఉందని చెప్పినా అబద్ధమే అవుతుంది.

"అందరు నవ్విండ్రన్నా. నేను గూడ నవ్విన" అన్నాను చివరికి.

అతను గేరు మార్చాడు. ముందు లారీని దాటేదాకా రోడ్డు మీదే చూపు ఉంచాడు.

"నేను ఎటుదిక్కు ఉన్న అప్పుడు?" అని అడిగాడు.

"హాలుల. అవుతలి దిక్కు. నన్ను సూసి చెయ్యి ఊపినవ్."

"యాదికున్నది" అన్నాడు. అంతే.

మా గేటు ముందు కారు ఆపాడు. నేను దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాను. లోపలికి రమ్మనడానికి నోరు రాలేదు. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు కూర్చుని, "ఊర్ల ఇంకిన్ని ఇండ్లు మిగిలినయి. రేపు వస్తవా?" అన్నాడు.

"వస్త."

మరునాడు వెళ్ళాను. మిగిలిన ఇళ్ళు కూడా తిరిగాం. అతను అదే మాట అదే గొంతుతో చెప్పాడు. ఈసారి ఒక్కో ఇంట్లో నేనూ నోరు తెరిచి, ఐడియా నాదని, నేనూ చూసుకోలేదని చెప్పాను. అన్న అడ్డు రాలేదు, మెచ్చుకోనూ లేదు. ఆ తర్వాత ఇప్పటిదాకా మా మధ్య ఆ మాట రాలేదు. పండుగలకు వెళ్తాను, అతను వస్తాడు, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. చుట్టాల పెళ్ళిళ్ళలో మాత్రం భోజనాలయ్యాక ఆడవాళ్ళు కుర్చీలు గుండ్రంగా వేసుకుంటే నేను ఏదో ఒక సాకు చెప్పి అక్కడినుంచి లేచి వచ్చేస్తున్నాను.